అమ్మకానికి పెట్టిన ఇల్లు – కొనువాని పరీక్ష

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజులలో ఇల్లు అమ్ముకొనుట అరుదు. అమ్ముకొన్నవాడు ఆ సంగతి నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడేవాడు. అందుచేతనే ఆ మూడవ మాట సామెతలోనికి ఎక్కలేదని మాకు తోస్తున్నది. నేడు పరిస్థితి మారినది. చదువులకు, పెండ్లిండ్లకు, వైద్యానికి, అన్నదమ్ముల పంపకాలకు ఇండ్లు అమ్ముడుపోతున్నవి. మా తరగతిలో ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులైనా "ఇల్లు అమ్ముచున్నాము, సంతకానికి రిజిస్ట్రారు కచేరీకి పోవలసి ఉన్నది" అని సెలవు చీటీ తెచ్చి ఇస్తున్నారు. ఆ చీటీలే ఈ వ్యాసానికి కారణం.

తెలుగు పాఠం చెప్పేవారికి ఇల్లు అమ్మకంతో ఏమి పని అని కమిటీవారిలో ఎవరైనా అడుగవచ్చు. మన పత్రిక రెండు భాషలది. ఇల్లు అమ్మకం కూడా మన ప్రాంతంలో రెండు భాషలలోనే జరుగుతుంది. దస్తావేజు, రసీదు అన్నవి పారసీకం నుండి వచ్చిన మాటలు. హద్దు, వారసుడు, ఖరారు అన్నవాటి మూలం అరబ్బీ. ఈ మాటలు లేకుండా తెలుగువాడు ఎవడూ గజం నేల కూడా అమ్మలేడు. ఈపాటి అధికారం చాలునని భావించి విషయానికి వస్తున్నాము.

కొనువాడు ఇల్లు చూడవచ్చుటకు ముందు అమ్మువాడు ఇంటిని సిద్ధపరచవలెను. దీనిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అయితే సిద్ధపరచుట అంటే ఏమిటి? సున్నం కొట్టించుట, తలుపులకు రంగు వేయించుట, పాత సామాను అటక ఎక్కించుట అని సాధారణంగా అనుకొంటారు. మేమూ ఒకప్పుడు అట్లే అనుకొన్నాము.

2014 వేసవిలో మా తాతగారి ఇల్లు అమ్మకానికి వచ్చినది. రాయలసీమలో ఒక పాత పట్టణం. మసీదు వీధిలో మద్రాసు మిద్దె. టేకు దూలాలు, వాటిపై నిలువుగా పేర్చిన చిన్న ఇటుకలు, ఆ పైన సున్నపు గచ్చు. నడుమ ఆవరణ, దానికి ఆనుకొని దాలాను, వెనుక వంటయిల్లు. ఉత్తరపు గదిలో ఒక గోడకు మోకాలెత్తు వరకు చెమ్మ పట్టి ఉండేది. మా పెదనాన్నగారు మేస్త్రీని పిలిపించారు. అతడు గోడను తట్టి చూచి, "పెచ్చులు గీకి రెండు పూతలు సున్నం కొడితే వేసవంతా తెలియదు, సాయిబుగారూ" అన్నాడు. వేసవంతా తెలియదు అన్న మాటలో ఎంత నిజమున్నదో ఆనాడు మాలో ఎవరమూ ఆలోచించలేదు. గోడ తెల్లగా అయినది.

చూడవచ్చినవారు తండ్రీకొడుకులు. తండ్రి పదవీ విరమణ చేసిన బడిపంతులు. ఆయన గది నడుమ నిలిచి నాలుగు గోడలను చూచి, తిన్నగా ఆ తెల్లని గోడ వద్దకే పోయి అరచేయి ఆనించి కొంతసేపు అట్లే ఉంచారు. చేయి తీయగా సున్నంతో పాటు ఉప్పుపొడి అంటుకొని వచ్చినది. "మిగిలిన మూడు గోడలకు ఎందుకు కొట్టించలేదు, సాయిబుగారూ?" అని మాత్రం అడిగారు. మా పెదనాన్నగారి వద్ద సమాధానం లేదు. మరునాడు వారు మధ్యవర్తితో చెప్పి పంపిన ధర మేము చెప్పిన దానికంటె రూ. 1,50,000 తక్కువ. ఆ గోడ బాగుచేయుటకు మరొక మేస్త్రీ తరువాత వేసిన అంచనా రూ. 28,000. మిగిలినదంతా గోడకు తగ్గించినది కాదు. మా మాటకు తగ్గించినది.

ఇచట చట్టం ఏమి చెప్పుచున్నదో చూడవలెను. కొనువాడే జాగ్రత్త పడవలెను అన్నది పాశ్చాత్య న్యాయశాస్త్రంలో పాత సూత్రం. మన దేశంలో స్థిరాస్తి విషయంలో ఆ భారం అంతా కొనువానిపై లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, వేరుగా ఒప్పందం లేనప్పుడు, ఆస్తిలో గాని హక్కులో గాని ఉన్న ముఖ్యమైన లోపాన్ని అమ్మువాడే వెల్లడించవలెను. ఏ లోపాన్ని? తనకు తెలిసి కొనువానికి తెలియనిదీ, సాధారణమైన జాగ్రత్తతో చూచినా కొనువానికి కనబడనిదీ అయిన లోపాన్ని. అట్లు వెల్లడించకుండుట మోసమని అదే సెక్షను చెప్పుచున్నది. హక్కు పత్రాలను అడిగినప్పుడు చూపుట, సంబంధిత ప్రశ్నలకు తెలిసినంత మేరకు జవాబిచ్చుట కూడా అమ్మువాని విధులే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను ఇంకొక భేదం చూపుతుంది. మాట్లాడవలసిన బాధ్యత లేనిచోట ఊరకుండుట మోసం కాదు. తెలిసిన సంగతిని పనిగట్టుకొని కప్పిపుచ్చుట మోసం. గోడ చెమ్మను గూర్చి నోరు మెదపకుండుట వేరు, దానిపై సున్నం కొట్టుట వేరు. మేము చేసినది రెండవది.

అరబ్బీ, ఉర్దూ శాఖలలోని మా సహాధ్యాపకుల సహాయంతో హనఫీ న్యాయగ్రంథాలలో ఈ విషయం వెదకినప్పుడు మాకు ఒక ఆశ్చర్యకరమైన చర్చ కనబడినది. కొనువాడు వస్తువును చూడకుండా కొన్నచో, చూచిన తరువాత బేరం వదలుకొనే హక్కు అతనికి కలదు. దీనిని ఖియారె రూయత్ అంటారు. మరి ఇల్లు కొనువాడు ఎంత చూస్తే చూచినట్లు? ఫర్గానా ప్రాంతపు మర్గీనాన్‌కు చెందిన బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం 1197) రచించిన హిదాయాలో ఈ ప్రశ్న ఉన్నది. ఇమాం అబూ హనీఫా అభిప్రాయంలో ఇంటి ఆవరణ చూస్తే చాలును, గదులు చూడకపోయినా హక్కు తీరిపోతుంది. ఆయన శిష్యుడు ఇమాం జుఫర్ ఒప్పుకొనలేదు. గదుల లోపలికి పోయి చూడవలసినదే అన్నారు. మర్గీనానీ ఈ రెంటినీ చెప్పి, ఇమాంగారి మాట ఆ కాలపు ఇండ్లకు తగినది, ఆనాడు ఇండ్లన్నీ ఒకే తీరుగా ఉండేవి, నేడు ఇంటికి ఇంటికి తేడా ఉన్నది కనుక లోపలికి పోయి చూచుట అవసరం అన్నారు. ఎనిమిది వందల ఏండ్లకు పూర్వమే ఇంటి పరీక్షను గూర్చి ఇంత సూక్ష్మంగా తర్కించారు. ఈ గ్రంథం 1791లో చార్లెస్ హామిల్టన్ ఆంగ్లానువాదంగా కూడా వెలువడినది. మన న్యాయస్థానాలలో ఇండ్ల అమ్మకానికి వర్తించేవి పైన చెప్పిన చట్టాలే గాని హిదాయా కాదు. అయినను రెండింటి నడక ఒకటిగానే ఉన్నది.

మదీనా అంగడిలో ధాన్యపు రాశి సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలిసినదే. ప్రవక్తగారు (స.అ.స.) ఆ రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలినది. వాన తడిపినదని వర్తకుడు చెప్పుకొన్నాడు. అట్లయితే జనులు చూచునట్లు ఆ తడిని పైననే ఎందుకు ఉంచలేదని ప్రవక్తగారు అడిగారు. తడి ఉండుట ఇచట తప్పు కాలేదు. అది లోపల ఉండుట తప్పయినది. కూఫాలో బట్టల వ్యాపారం చేసిన ఇమాం అబూ హనీఫాగారు లోపమున్న వస్త్రాన్ని తన భాగస్వామి చెప్పకుండా అమ్మివేసినాడని తెలిసి, ఆ వచ్చిన సొమ్మంతా దానం చేసివేసినట్లు జీవితచరిత్రకారులు చెబుతారు. మా పెదనాన్నగారు ఈ రెండు సంగతులూ ఖుత్బాలలో ఎన్ని మారులు విన్నారో లెక్కలేదు. అయితే గోడ తనది అయినప్పుడు మనిషికి ధాన్యపు రాశి గుర్తుకు రాదు.

కనుక మేము చెప్పదలచినది ఇది. ఇంటిని సిద్ధపరచుట అంటే అమ్మువాడు ముందుగా తానే కొనువాడై తన ఇంటిని చూచుట. చూచిన పిదప బాగుచేయదగిన దానిని మూలం నుండి బాగుచేయవలెను. చేయలేని దానిని పైకి చెప్పి ధరలో సర్దవలెను. చెప్పినా సరిపడని లోపాలు కొన్ని ఉంటవి. అవి తీరేవరకు ఇంటిని అమ్మకానికే పెట్టరాదు. ఆ మూడవ రకాన్ని గూర్చి చివర చెబుతాము.

పరీక్ష పైకప్పుతో ఆరంభించవలెను. సాధారణంగా కొనువాడు వేసవిలో వస్తాడు, ఇల్లు తన గుణం వానలో చెబుతుంది. అమ్మే ఆలోచన ఉన్నవారు అంతకు ముందరి వానకాలంలోనే ఒక కాగితం, పెన్సిలు పట్టుకొని గది గదికీ తిరిగి తడిసిన చోటు, తేదీ వ్రాసి పెట్టుకొనుట మంచిది. సిమెంటు శ్లాబు అయితే తూములు మూసి రెండు అంగుళాల నీరు ఒకటి రెండు రోజులు నిలిపి క్రింద చూడవచ్చు. మద్రాసు మిద్దెకు, మట్టి మిద్దెకు ఈ పరీక్ష పనికిరాదు. చేస్తే పరీక్షతో పాటు మిద్దె కూడా ముగుస్తుంది. పిట్టగోడ సందులలో మొలచిన రావి మొక్కను వేరుతో సహా తీయించవలెను. పైన కోసివేస్తే అది లోపల పెరుగుతూనే ఉంటుంది. సున్నపు గచ్చు పగుళ్ళపై సిమెంటు పూత వేయించుట మన ఊళ్ళలో అందరూ చేసే పొరపాటు. సున్నం మెత్తనిది, సిమెంటు బిరుసుది. ఎండకు రెండూ ఒక తీరుగా సాగవు. పూత విడిపోయి, దాని క్రింద చేరిన తడి బయటికి పోవుటకు దారి లేక దూలాలకు పట్టుతుంది. శ్లాబు అడుగున పెచ్చులూడి ఇనుపకడ్డీలు కనబడుతున్నచోట పైన గార పూయించుట కూడా ఇట్టిదే. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును క్రిందికి నెట్టుచున్నది. తుప్పు తీయకుండా పూసిన గార ఒక ఏడాదిలో మరల ఊడుతుంది, అప్పటికి ఇల్లు ఎవరిదై ఉంటుందో ఆలోచించుకొనవలెను.

గోడల పగుళ్ళన్నీ ఒకటి కావు. గారపై వెంట్రుకవంటి గీతలకు భయపడనక్కరలేదు. కిటికీ మూల నుండి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయిన పగులు పునాది కదలికకు గుర్తు కావచ్చు. కర్నూలు, గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొంటవి. ఆ నేలపై తక్కువ లోతు పునాదితో కట్టిన ఇండ్లకు ఇది తరచు వచ్చే వ్యాధి. పగులు ఆగినదా, ఇంకా పెరుగుచున్నదా అన్నది తెలుసుకొనుటకు పాత మేస్త్రీలు ఒక ఉపాయం చేసేవారు. పగులుకు అడ్డంగా సన్నని గాజుపలకను రెండు వైపులా సిమెంటుతో అతికించి తేదీ వ్రాస్తారు. ఆరు నెలలకు గాజు పగులకుంటే గోడ నిలకడకు వచ్చినట్లే. ఆ గాజుపలకను తీసివేయక కొనువానికి చూపవలెను. ఎన్ని మాటలు చెప్పినా అంత నమ్మకం కలుగదు.

చెమ్మకు కారణం వెదకకుండా చికిత్స చేయరాదు. పాత పట్టణాలలో వీధులు మారు మారు వేయగా రోడ్డు ఎత్తు పెరిగి ఇంటి అరుగు పల్లమైపోతుంది. వీధి నీరు పునాదికి చేరుతుంది. కొన్నిచోట్ల నేలలోని ఉప్పు నీటితో పాటు గోడలోనికి ఎక్కుతుంది. మా ఇంట కారణం ఇంతకంటె సులభమైనది. గోడకు ఆవల స్నానాలగది నుండి పోయే మట్టిగొట్టం ఒకటి నేలలో పగిలి ఉన్నది. ఎన్ని ఏండ్లుగానో మా స్నానపు నీరే మా గోడను తడిపినది. గొట్టం మార్పించి, చెమ్మ కనబడిన ఎత్తుకంటె ఒక అడుగు పైవరకు గార ఊడ్పించి, గోడను నాలుగు నెలలు బోసిగా ఆరనిచ్చి, తరువాత సున్నపు గారతో పూయించాము. ఆ నాలుగు నెలలూ చూడవచ్చినవారందరికీ ఆ బోసి గోడను, పాత గొట్టపు ముక్కను చూపించాము. విచిత్రమేమంటే, తెల్లని గోడను అనుమానించినవారు బోసి గోడను అనుమానించలేదు.

ద్వారబంధాలను, దూలాల కొనలను వ్రేలి కణుపుతో తట్టి చూడవలెను. డొల్ల శబ్దం వచ్చినా, మట్టిదారులు కనబడినా చెదలున్నట్లే. మందు కొట్టించిన రసీదు దాచి ఉంచవలెను.

విద్యుత్తు విషయంలో మాత్రం ఖర్చుకు వెనుదీయరాదు. ఇది ధరకు కాదు, ప్రాణానికి సంబంధించినది. చెక్క పట్టీలపై పోయిన పాత తీగెలు, బూడిద రంగుకు తిరిగిన స్విచ్చి పలకలు, ఫ్యూజులో సన్నని తీగెకు బదులు లావు తీగె చుట్టి ఉండుట – వీటిని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత సరిచేయించవలెను. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎన్నాళ్ళయినదో, వేసవిలో దానికి నీరు పోయుచున్నారో లేదో చూచుకొనవలెను. కొనువాడు ప్రతి స్విచ్చీ నొక్కుతాడు, నొక్కనివ్వవలెను. మీటరు ఇంకా తాతగారి పేరనే ఉంటే అదీ అతడు గమనిస్తాడు.

నీటిని గూర్చి అడిగితే "నీటికి లోటు లేదండీ" అనుట మన అలవాటు. ఏ నెలలో? బోరు ఎన్ని అడుగులు, మే నెలలో ఎంతసేపు పోస్తుంది, పురపాలక కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది అన్నవి అమ్మువానికే తెలుసును, కొనువాడు ఎంత జాగ్రత్తగా చూచినా నవంబరులో తెలుసుకొనలేడు. సెప్టిక్ ట్యాంకు కూడా ఇట్టిదే. అది ఎక్కడున్నదో, మూత ఎక్కడ తెరుచుకొంటుందో, బావికి ఎంత దూరమో, చివరిసారి ఎప్పుడు తోడించారో చెప్పవలెను. అమ్మకానికి ముందు తోడించదలచినవారు యంత్రపు బండినే పిలువవలెను. మనిషిని దింపి చేయించుట 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకున్నా అది నేరమే.

చూడవచ్చే రోజున చేయవలసినవి తక్కువ, చేయరానివి ఎక్కువ. పగులుకు అడ్డంగా బీరువా జరుపరాదు. క్యాలెండరు తగిలించరాదు, కొనువారు మొట్టమొదట ఎత్తి చూచేది క్యాలెండరునే. చెమ్మ వాసన తెలియకుండా ఊదు, సాంబ్రాణి వేయుట మన ఇండ్లలో పరిపాటి. గదిలో పొగ నిండి ఉంటే ముక్కు మూసుకొనిపోతుంది గాని బుద్ధి మూసుకొనిపోదు. తాళాలన్నీ చేతిలో ఉంచుకొని, మిద్దెకు నిచ్చెన వేసి, గదులు ఖాళీగా వెలుతురుగా ఉంచితే చాలును. ఘోషా పాటించే ఇండ్లలో లోపలి గదులు చూపుటకు వెనుకాడుతారు. ఇది అర్థం చేసుకొనదగినదే. కాని మూసిన గది అనుమానాన్ని పెంచుతుంది. ముందుగా వేళ నిర్ణయించుకొని ఆడవారు పక్కింటికి పోయి ఉండునట్లు ఏర్పాటు చేసుకొంటే ఇమాం జుఫర్‌గారి మాటా నెగ్గుతుంది, ఇంటి మర్యాదా నిలుస్తుంది. చూచేవారి వెంట వెంట తిరిగి పొగడరాదు. ఇంటిలో చిన్నపిల్లలుంటే వారిని మందలించి పెట్టుట ఇంకొక పొరపాటు. "అక్కడ వాన నీళ్ళు కారుతాయి, తాతా" అని పిల్లవాడు ఎట్లాగూ చెబుతాడు. ఆ మాట ముందుగా మనమే చెప్పి ఉంటే వాని మాట మనకు సాక్ష్యమవుతుంది.

అమెరికాలో కొనువాడు తన ఖర్చుతో పరీక్షకుని పిలిపించి ఇంటి ప్రతి మూలా చూపించి నివేదిక వ్రాయించుకొంటాడు. కాలిఫోర్నియాలో 1987 నుండి అమ్మువాడు తన ఇంటి లోపాలను నిర్ణీత పత్రంలో నింపి ఇవ్వవలసి ఉన్నది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు ఇచట ఇల్లు కొనునప్పుడు అదే అలవాటు వెంట తెచ్చుకొంటున్నారు. ఇంజనీరును పంపి ఫోటోలు తీయిస్తున్నారు. ఇందులో నొచ్చుకొనవలసినది ఏమీ లేదు. కొత్త అపార్టుమెంట్ల సంగతి వేరు. 2016 నాటి రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం ప్రకారం కట్టడ లోపాలకు స్వాధీనం ఇచ్చిన నాటి నుండి 5 ఏండ్లపాటు నిర్మాణదారుడే బాధ్యుడు. పాత ఇల్లు అమ్ముకొనే మనబోటివారికి ఆ చట్టం వర్తించదు, 1882 నాటిదే వర్తిస్తుంది.

ఇక కాగితాలు. కొనువాని పరీక్షలో సగం ఇంటిలో జరుగుతుంది, సగం దస్తావేజుల కట్టలో జరుగుతుంది. అసలు దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, కట్టడానికి ఇచ్చిన అనుమతి ప్లాను, బ్యాంకు అప్పు తీరిపోయిన పత్రం ఒకచోట కూర్చుకొనవలెను. చెక్కుబందీలో వ్రాసిన నాలుగు హద్దులను నేలపై కొలిపించుకొనవలెను. దస్తావేజులో 200 గజాలు, నేలపై 192 గజాలు అయితే ఆ 8 గజాల కథ మనమే ముందు తెలుసుకొనుట మేలు. ఉమ్మడి గోడ ఎవరిది, చూరు నీరు ఎటు పడవలెను అన్నవి పొరుగువారితో మాట్లాడి తేల్చుకొనవలెను. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు తీయించవలెను. కంప్యూటరులో దొరికేది 1983 నుండి మాత్రమే, అంతకు ముందరిదానికి కచేరీలో పుస్తకాలు వెదకించుకొనవలెను.

ఆ సర్టిఫికెట్టు చేతికి వచ్చి దానిలో ఏ భారమూ లేదని ఉంటే చాలామంది నిశ్చింతపడతారు. రిజిస్టరు అయిన లావాదేవీలే అందులో కనబడుతవి. ముస్లిం కుటుంబాల ఇండ్లలో రిజిస్టరు కానివి చాలా ఉంటవి. నోటిమాటతో స్వాధీనం చేసి ఇచ్చిన హిబా మన న్యాయంలో చెల్లుతుంది; దానిని జ్ఞాపకార్థం కాగితంపై వ్రాసుకొన్నంత మాత్రాన రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. మహరు చెల్లని వితంతువు భర్త ఇంటిని న్యాయంగా తన స్వాధీనంలో ఉంచుకొని ఉంటే, బాకీ తీరేవరకు దానిని నిలుపుకొనే హక్కు ఆమెకు కలదు. ఇవేవీ సర్టిఫికెట్టుకు ఎక్కవు. అన్నిటికంటె ముఖ్యమైనది ఆడపిల్లల వాటా. మేము మూడవ రకం లోపం అన్నది దీనినే.

మా తాతగారికి ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. మా నాయనమ్మ ఆయనకంటె ముందే పోయినది. కుమారునికి రెండు, కుమార్తెకు ఒకటి చొప్పున ఆస్తి ఏడు భాగాలైనది. అన్నదమ్ములిద్దరివి నాలుగు, మా ఫుప్పులు ముగ్గురివి మూడు. గోడ చూచిన పంతులుగారి కుమారుడు ఆ రోజే "కుటుంబ ధ్రువపత్రం ఉన్నదా" అని అడిగాడు. ఉన్నది, దానిలో ఐదు పేర్లు ఉన్నవి. అమ్మకానికి కూర్చున్నవారు ఇద్దరే. "ఆడపిల్లలకు పెండ్లిళ్ళలోనే ఇచ్చివేసితిమి" అన్నారు మా పెదనాన్నగారు. ఈ మాట మన ఇండ్లలో ఎంత సులువుగా వస్తుందో చెప్పనక్కరలేదు. పెండ్లిలో ఇచ్చినది కానుక. వాటా తండ్రి మరణంతో పుట్టుతుంది. పుట్టకముందే దానిని వదలుకొన్నామని వ్రాసి ఇచ్చినా చెల్లదు. పుట్టిన తరువాత వదలుకొనదలచితే ఆమె ఇష్టపూర్వకంగా రిజిస్టరు పత్రం వ్రాసి ఇవ్వవలెను. అంతవరకు అన్నదమ్ములు అమ్మగలిగినది తమ నాలుగు భాగాలనే. కొన్నవాడు పదేండ్లకు కోర్టులో నిలబడవలసి వస్తే, ఆ గోడపై సున్నం కొట్టినది ఎవరని అడుగవలసి ఉంటుంది.

పెద్ద ఫుప్పు అదే ఊరిలో రెండు వీధుల అవతల ఉంటారు. ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతి ఆమెకు చూడవచ్చినవారి ద్వారా తెలిసినది. ఆమె వచ్చి ఏమీ అనలేదు. దాలానులో కూర్చుండి, టీ త్రాగి, "గొట్టం పగిలిందని అబ్బాజాన్ ఉన్నప్పుడే చెప్పాను గదా" అని వెళ్ళారు. ఆమెకు ఆ ఇంటి గొట్టం కూడా తెలుసును. ఆ సాయంత్రం మా నాన్నగారు, పెదనాన్నగారు చాలాసేపు మాట్లాడుకొన్నారు. అమ్మకం ఆపివేశారు.

తరువాత పని ఎనిమిది నెలలు పట్టినది. హైదరాబాదులో ఉన్న రెండవ ఫుప్పు తానే వచ్చి సంతకం చేస్తామన్నారు. చిన్నవారు షార్జాలో ఉన్నారు. వారు భారత కాన్సులేటులో పవరాఫటార్నీ వ్రాసి ధ్రువీకరింపజేసి పంపగా, మన దేశానికి చేరిన మూడు నెలలలోగా జిల్లా రిజిస్ట్రారు వద్ద స్టాంపు వేయించవలసి వచ్చినది. విదేశాలలో తోబుట్టువులు గలవారు ఈ గడువును గుర్తుంచుకొనవలెను. మేము ఇంకొక పది రోజులలో దాటబోయి తప్పించుకొన్నాము.

ఈలోగా మా నాన్నగారు ఒక అరఠావు కాగితంపై ఇంటిని గూర్చి తెలిసినదంతా తెలుగులో ఒక వైపు, ఉర్దూలో ఒక వైపు వ్రాశారు. ఉత్తరపు గోడ, మార్చిన గొట్టం, మిద్దెలో తూర్పు మూల దూలం కొన, ఏప్రిలు నెలలో అడుగంటే బోరు, ముగ్గురు అక్కచెల్లెండ్ర వాటాలు. ఆవరణలో నైరుతి దిక్కున 1970 ప్రాంతంలో రాళ్ళతో, మట్టితో పూడ్చివేసిన పాత బావిని కూడా వ్రాశారు. పైన బండలు పరచి ఉన్నందున అది ఎవరికీ కనబడదు. మాలో చిన్నవారికి కూడా తెలియదు. వ్రాయవలెనా వద్దా అని ఆయన రెండు రోజులు ఆలోచించారు.

2015 ఆఖరులో ఒక బట్టల వర్తకుడు ఇల్లు కొన్నారు. ఆ కాగితం చదివి, దూలానికని రూ. 40,000 తగ్గించమన్నారు, తగ్గించాము. రిజిస్ట్రారు కచేరీలో ఐదు పేర్లూ పడినవి, సొమ్ము ఏడు భాగాలైనది. కాగితాన్ని ఆయన దస్తావేజుతో పాటు అడిగి తీసుకొన్నారు. మేము ఆ వీధికి పోయినప్పుడు చూస్తుంటాము. ఆవరణలో ఆయన ఒక కొత్త గది వేసుకొన్నారు, ఈశాన్యం వైపున. బావి ఉన్నచోట గోడ లేపలేదు, స్కూటరు నిలుపుకొంటున్నారు.